అడుక్కు దిగిన మాట

మనిషి పోయిన కబురును మా దిక్కున ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. "పానం కొంచెం బాగలేదట, ఒకసారి వచ్చిపో" అంటారు. విన్నవాడికి సగం అక్కడే అర్థమవుతుంది, మిగతా సగం దారిలో అర్థమవుతుంది, ఇల్లు కనబడేసరికి ఏడుపు దానంతటదే వస్తుంది. ఇది అబద్ధమని ఎవరూ అనుకోరు. నెత్తి మీది నిండుకుండను ఇద్దరు పట్టి మెల్లగా దించినట్టు, అంతే.

ఈ పద్ధతిని ఒక యంత్రానికి నేర్పినవాళ్లలో స్వరూప ఒకతి.

కోరుట్లలో పాత టాకీసు కూలగొట్టి కట్టిన మేడలో, బట్టల దుకాణం పైన, ఆ యంత్రానికి మాటలు నేర్పే కొట్టు ఉండేది. కొట్టు అన్నది స్వరూప మాట. బోర్డు మీద ప్రయోగశాల అని ఉంది. పదిమంది దాకా ఆడవాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. అందరూ నిన్నమొన్నటి వరకు బీడీలు చుట్టినవాళ్లే. మంచి ఆకును చేటలోకి, పుచ్చు ఆకును పక్కకు వేసే అలవాటు చేతులకు ఇంకా పోలేదు. ఇక్కడి పనీ అటువంటిదే. తెర మీద పైన ఒక ప్రశ్న, కింద రెండు జవాబులు. రెండూ యంత్రం అల్లినవే. ఏది నచ్చితే దాని మీద నొక్కాలి. నొక్కేకొద్దీ యంత్రం ఆ తీరుకు అలవాటు పడుతుంది.

దానికి "ముచ్చట" అని పేరు పెట్టింది హిమజ. కరీంనగర్‌లో పెరిగి పెద్ద చదువు చదివిన ఇంజనీరు, పెళ్లి కాని పిల్ల. ఆ పేరు పెట్టినరోజే ఆడవాళ్లు ఆమెను తమలో కలుపుకున్నారు.

పెద్ద దవాఖానల్లో రోగి బంధువుల ఫోన్లు ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు. ఆ ఫోన్లన్నీ ఇక ముచ్చట ఎత్తాలి. ఏ వార్డులో ఉన్నాడు, ఏ మందు తిన్న తర్వాత వేయాలి, చూడ్డానికి ఎప్పుడు రావాలి, ఎట్లా ఉన్నాడు, ఇవన్నీ అడిగినవాళ్ల యాసలోనే చెప్పాలి. అందుకే పట్నం వాళ్లను కాదని ఈ ఊళ్ల ఆడవాళ్లను పిలిచారు.

"అయితే దీనికి అన్నీ తెలుసునా?" అని స్వరూప మొదట్లోనే అడిగింది.

హిమజ స్వరూప చేత "మా బాపు పానం" అని కొట్టించి అక్కడ ఆపమంది. తెర పక్కన నిచ్చెన మెట్లలాగా మాటలు పేర్చుకొచ్చాయి. అన్నిటికంటే పైన "బాగలేదు". దాని కింద "నిమ్మలం". దాని కింద "పోయింది". ఆ కింద ఇంకా ఎన్నో.

"లోకంల ఉన్న పుస్తకాలు, పేపర్లు, మనోళ్లు ఇష్టపడి ఇచ్చిన ఫోను మాటలు, అన్నీ దీనికి చదివిపిచ్చినం అక్కా. ఏ మాట ఎనుక ఏ మాట వస్తదో అంచనా కడ్తది. పై మెట్టు మీదిది ముందుగల నోట్లకొస్తది. దవాఖాన కాయితం ముంగట పెడితే అది చూసుకుంట అల్లుతది."

"అంటే బాపు ఎవలో తెల్వదు, పానం ఏందో తెల్వదు."

"తెల్వదు."

"గట్లయితే మా అత్తను తీస్కచ్చి కూసోవెట్టకపోయిన్రు. పెండ్లిల ఎవలు నోరు తెరిచినా ఎనుక వచ్చే మాట ఆమెనే అందుకుంటది."

"మీ అత్తకు జీతం ఇయ్యాలె గదక్కా. దీనికి కరెంటు చాలు."

కొట్టంతా నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం అందరి తెరల మీద ఒకే ప్రశ్న వచ్చింది. "మా అవ్వ ఐసీయూల ఉన్నది. ఎట్లుంది?" యంత్రం ముందున్న కాయితంలో స్థితి విషమమని, ఆశ తక్కువని ఉంది. కింద రెండు జవాబులు. మొదటిది: "పరిస్థితి బాగలేదు. బతుకుడు కష్టమని డాక్టర్లు అంటున్నరు." రెండోది: "పానం కొంచెం నీరసంగ ఉంది. డాక్టర్లు చూస్తున్నరు. బువ్వ తిని, నిమ్మలంగ బయలెల్లి రాండ్రి."

ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరూ రెండోదాని మీదే నొక్కారు.

"ఫోన్ల మొఖం మీద గుద్దినట్టు చెప్తరా ఎవలన్న?" అంది ఒకామె. "బండి నడుపుకుంట ఇన్నరనుకో, ఆడికాడనే ఆగమైతరు."

హిమజకు సంతోషమైంది. ఇంతమంది ఒకే జవాబును మెచ్చడం అరుదు. మెప్పు ఒక్కతీరుగా ఉంటే యంత్రం తొందరగా నేర్చుకుంటుంది. అటువంటి ప్రశ్నలు ఇంకెన్నో వచ్చాయి. అన్నిటికీ వాళ్ల వేళ్లు అటే పోయాయి. పది రోజులు గడిచాక హిమజ మళ్లీ ఆ నిచ్చెన తీసి చూపించింది. "నిమ్మలం" పైకెక్కి కూర్చుంది. "పోయింది" అన్న మాట కనబడలేదు. తెరను కిందికి, ఇంకా కిందికి జరిపితే అట్టడుగున, అక్కరకు రాని మాటల మధ్య దొరికింది.

"గా మాటకు ఆడనే జాగ" అంది స్వరూప తృప్తిగా.

*

ముచ్చట దవాఖానల్లోకి వెళ్లింది. జనానికి బాగా నచ్చింది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. గోలీ ఏది పొద్దున్నో ఏది రాత్రో చెవిటి ముసలమ్మకు కూడా అర్థమయ్యేదాకా చెబుతుంది. పుట్టింటి ఆడపిల్ల మాట్లాడినట్టే ఉంటుందని చెప్పుకున్నారు. రోగం రొష్టు లేనివాళ్లు కూడా ఊరికే ఫోన్ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు.

వాళ్లలో స్వరూప భర్త ఓదెలు ఒకడు. అతను వరికోత మిషన్ నడుపుతాడు. కోతల కాలంలో ఊరూరు తిరిగి, మిగతా కాలంలో ఇంట్లో ఉండి పెళ్లాన్ని ఏడిపిస్తాడు.

"మీ ముచ్చటను ఒకటి అడిగిన" అన్నాడు ఒక పొద్దున చాయ్ తాగుతూ.

"ఏమడిగినవ్?"

"మా ఇంటామె మీకాడనే పంజేస్తది, ఆమె కోపానికి మందు ఏందని."

"ఏమన్నదట?"

"ఆమె పని మీద అలిసిపోయి ఉంటది, జర మెల్లగ మాట్లాడుండ్రి అన్నది. అచ్చం నీ గొంతేనే. గని అది తిట్టది."

స్వరూప చెంచా విసిరింది. అత్త రాజవ్వ ఆ చెంచాను ఏరి కడిగి పెడుతూ "గా డబ్బకున్న బుద్ధి మీ ఇద్దరికి లేదు" అంది. రాజవ్వ మాటకు ఇంట్లో ఎదురు లేదు. ఒక్కగానొక్క కొడుకును కూలి చేసి సాకిన మనిషి.

*

వాళ్ల వాడలోనే భూమయ్య ఉండేవాడు. అతని భార్య లచ్చవ్వకు గుండె నొప్పి వస్తే కరీంనగర్‌లో చేర్చారు. చేర్చిన సాయంత్రం బట్టలకోసం ఇంటికి వచ్చిన భూమయ్య, పొద్దు గూకేముందు దవాఖానకు ఫోన్ చేశాడు. తెల్లవారి పెరుగన్నం కట్టుకుని పోయేసరికి లచ్చవ్వ లేదు.

దినాలయ్యాక స్వరూప వాళ్లింటికి పోయింది. భూమయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే అతని ముఖం కొంచెం విప్పారింది.

"రా బిడ్డా. మీరు మాట నేర్పిన పిల్లనే నాతోని మాట్లాడింది. ఎంత మంచిగ మాట్లాడిందో. కాకా, తిన్నవా అని అడిగింది. చిన్నమ్మ జర నీరసంగున్నది, మీరు రాత్రి ఆగమాగం రావద్దు, పొద్దుగాల బువ్వ తిని నిమ్మలంగ రాండ్రి అన్నది. నేను గదే నమ్మి పండుకున్న."

స్వరూప అరుగు అంచున కూర్చుంది.

"నర్సమ్మ చెప్పింది" అన్నాడు భూమయ్య, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. "రాత్రంతా నన్నే అడిగిందట. దర్వాజ దిక్కే చూసుకుంట ఉన్నదట. ఏం జేస్తం, రాత. ఆ పిల్లది మాత్రం తప్పు లేదు. మర్యాద తెలిసిన పిల్ల."

అతను తిట్టి ఉంటే స్వరూప తట్టుకునేది. మెచ్చుకున్నాడు. ఆ మాటలు ఎక్కడివో ఆమెకు తెలుసు. బువ్వ తిని, నిమ్మలంగ. అది తన వేలు నొక్కిన జవాబు.

మరునాడు కొట్టుకు పోయి హిమజకు జరిగింది చెప్పింది. హిమజ ఆనాటి కాయితం తెప్పించి చూసింది. స్థితి విషమమని సాయంత్రమే రాసి ఉంది. ముచ్చట అది చూస్తూనే అట్లా చెప్పింది. తప్పు చేయలేదు. నేర్పినట్టే చేసింది.

హిమజ తెర ముందు నుంచి కుర్చీ జరుపుకుని అంది: "మా నాన్న పోయినప్పుడు నేను హాస్టల్ల ఉన్న. నాక్కూడ ఎవరూ చెప్పలే. బాబాయ్ వచ్చిండు. నాన్నకు జర బాగలేదు, పోదాం అన్నడు. హోటల్‌కు తీసుకపోయి ఉప్మా తినిపిచ్చిండు. బస్సుల కిటికీ పక్కన కూసోవెట్టిండు. ఏం మాట్లాడిండో యాదిలేదు. దిగేటప్పుడు నా రెక్క గట్టిగ పట్టుకున్నడు. గదొక్కటే ఇప్పటికీ యాదికుంది."

"మా అవ్వ పోయినప్పుడు మా మేనమామ వచ్చిండు" అంది స్వరూప. "అబద్ధం ఆడినోడు ఎంబడే ఉంటడు. బండి మాట్లాడుతడు, పడిపోతే పట్టుకుంటడు. ఆ రాత్రే తోల్కపోతడు గని, పొద్దుగాల రమ్మనడు. మనం దీనికి మాట ఒక్కటే నేర్పినం హిమజా. ఎంబడి మనిషి పోవాల్నని నేర్పలే."

"దానికి కాళ్లు లేవు గదక్కా."

"కాళ్లు లేనిది గా తీరు మాట్లాడొద్దు."

హిమజ ఈ సంగతి పైవాళ్లకు రాసింది. రెండు కోరికలు పెట్టింది. చెడు కబురును ముచ్చట ఉన్నదున్నట్టు చెప్పాలి. అటువంటి కబురు చెప్పినప్పుడల్లా ఆ ఊళ్లోనే ఉండే మనిషిని ఒకరిని వాళ్లింటికి పంపాలి. మొదటిదానికి పైవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. రేపు ఎవరైనా కోర్టుకు పోతే అదే మంచిదని వాళ్ల వకీళ్లు కూడా అన్నారు. మనుషులను పంపడం కుదరదన్నారు. మనుషులు ఉంటే యంత్రం ఎందుకని ఒకాయన అడిగాడట.

పాత ప్రశ్నలే మళ్లీ తెరల మీదికి వచ్చాయి. ఈసారి మొదటి జవాబు మీద నొక్కాలి. వేళ్లు ముందుకు పోలేదు. ఒకామె "నా చేతితోని ఎవలింటికీ గీ మాట పంప" అని చేట పట్టుకుని బీడీల్లోకి వెళ్లిపోయింది. స్వరూప నొక్కింది. నొక్కినప్పుడల్లా భూమయ్య అరుగు కళ్లలో మెదిలేది. అట్టడుగున పడి ఉన్న ఆ మాట ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఉండాల్సినచోటికి వచ్చి నిలబడింది.

ఈసారి జనం తిట్టారు. డబ్బ నోరు పడిపోను అన్నారు. కొన్ని దవాఖానలు పాత ముచ్చటే మంచిగున్నదని దాన్నే ఉంచుకున్నాయి. ఏ దవాఖానలో ఏది మాట్లాడుతుందో బయటివాళ్లకు తెలిసే వీలు లేదు.

ఓదెలుకు మాత్రం కొత్తదే నచ్చింది. "ఇప్పుడైంది చూడు అచ్చం నీ లెక్క" అన్నాడు.

*

యాసంగి కోతలకు ఓదెలు పాలమూరు దిక్కు పోయాడు. మిషన్ యజమాని సత్తయ్య కూడా వెంట ఉన్నాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, చిన్నప్పటినుంచి దోస్తులు.

ఆదివారం. స్వరూప వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే సత్తయ్య ఫోన్ చేశాడు.

"వదినా, ఓదెలుకు జర దెబ్బ తాకింది. ఏం గాదు. ఈడ పెద్ద దవాఖానల చేర్పిచ్చిన. నువ్వు, అవ్వ బయలెల్లి రాండ్రి."

"ఏడ తాకింది? ఫోన్ ఆయనకియ్యి."

"పండుకున్నడు. వచ్చినంక మాట్లాడుకుందాం గదా. పైలంగ రాండ్రి." ఫోన్ పెట్టేశాడు.

గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న రాజవ్వ చేట ఆపింది.

"నన్ను గూడ రమ్మన్నడా?"

"రమ్మన్నడు."

"జర దెబ్బకు ముసల్దాన్ని గంత దూరం ఎవలు పిలుస్తరే?" రాజవ్వ చేటను పక్కన పెట్టింది. చెంగుతో ముఖం తుడుచుకుంది. "పోయిండు నా కొడుకు."

ఆమె గొంతు ఎత్తడంతో వాడ వాడంతా వచ్చింది. సత్తయ్య ఏమన్నాడో వినగానే అందరూ తలలు వంచుకున్నారు. అందరికీ తెలిసిన మాటే అది. ఇన్నేళ్లుగా అర్థం చేసుకున్నట్టే చేసుకున్నారు. భూమయ్య బండి మాట్లాడటానికి పోయాడు. ఇంకెవరో రాజవ్వ చేతులు పట్టుకున్నారు. ఓదెలు నంబరు ఎన్నిసార్లు కొట్టినా బందు. సత్తయ్య మళ్లీ ఎత్తలేదు.

అప్పుడు స్వరూప ఫోన్ మోగింది. కొత్త నంబరు. అందరికీ వినబడేట్టు స్పీకర్ మీద పెట్టింది.

"నమస్తే. నేను ముచ్చటను, దవాఖాన తరపున మాట్లాడే కంప్యూటర్‌ను. ఓదెలు గారి భార్య స్వరూప గారేనా?"

"నేనే."

"ఓదెలు గారి కుడిచేయి కోత మిషన్ల పడి నలిగిపోయింది. మోచేయి మీదిదాక తీసేయాలని డాక్టర్లు అంటున్నరు. ఆయనకు సోయి లేదు, లేపినా లేస్తలేరు. ఇంటివాళ్ల ఒప్పుదల కావాలె. మీరు ఒప్పుకుంటున్నరా?"

ముందు తేరుకున్నది రాజవ్వ.

"సచ్చినోనికి ఆపరేషన్ అంటున్నరే. బిల్లు కోసం సచ్చినోన్ని గూడ కోస్తరు వీళ్లు. వద్దని చెప్పు. నా కొడుకును నిండుగ ఇయ్యిమను. ముక్కలు చేసి ఇస్తే నేనెట్ల సాగనంపాలె?"

ఎవరో అవునన్నారు. అటువంటి కథలు అందరూ విన్నవే.

స్వరూప ఫోన్‌ను ఒడిలోకి తీసుకుంది. "డాక్టరుతోని మాట్లాడిపియ్యి."

"డాక్టరు ఆపరేషన్ గదిల తయారుగ ఉన్నరు. మీ మాట కోసమే ఆగిన్రు."

ఇది మనిషి కాదు. దీనికి ఓదెలు ఎవరో తెలియదు, చేయి అంటే ఏమిటో తెలియదు. ముందున్న కాయితం చూసి మాట వెనుక మాట పేర్చుతుంది. కాయితం పాతదైతే మాట కూడా పాతదే. స్వరూప అదే అడిగింది.

"నీ ముంగట ఉన్న కాయితం ఎవలు రాసిన్రు? ఎప్పటిది?"

"ఆపరేషన్ చేసే డాక్టరు రాసిన్రు. ఇప్పటిదే. గుండె కొట్టుకునుడు, బీపీ నా ముంగట మారుకుంటనే ఉన్నయి. ఆయన బతికే ఉన్నరు."

బతికే ఉన్నరు. ఈ మాటనూ నమ్మలేకపోయింది. పాత ముచ్చటైతే ఇంతకంటే తియ్యగా ఈ మాట చెబుతుంది. ఇది పాతదా, కొత్తదా? ఆ దవాఖాన వాళ్లు ఏది ఉంచుకున్నారో. బతికి ఉన్నాడని చెప్పే గొంతును బట్టి తేలదు. తేలాలంటే ఇంకొకటి అడగాలి. దానికి జవాబు వినే ధైర్యం కావాలి.

"నేను ఒప్పుకోకపోతే ఏమైతది?"

"నలిగిన చేతి విషం నెత్తుర్ల కలుస్తది. పానం పోతది."

రాజవ్వ నోటి మీద కొట్టుకుంది. "గదేం మాటనే. పాడునోరు. బందు చెయ్యి దాన్ని."

స్వరూపకు మాత్రం కాళ్లకింద నేల దొరికినట్టయింది. వాళ్లందరూ కలిసి అట్టడుగుకు తొక్కిన మాట అది. పాత ముచ్చట నోట ఎన్నటికీ రాదు. పొద్దుగాల రాండ్రి అంటుంది, నిమ్మలం అంటుంది, చచ్చినా ఆ మాట అనదు. ఇది అన్నది. చావును చావని అన్నది గనుక, బతుకును బతుకనే అన్నట్టు. సత్తయ్య మెత్తని మాటలో కొడుకు పోయాడని రాజవ్వకు ఎట్లా వినబడిందో, ఈ కటువు మాటలో మొగుడు ఉన్నాడని స్వరూపకు అట్లా వినబడింది.

ఒకవేళ తప్పయితే, చచ్చిన మొగుడి చేయి నరికించిన ఆడది అవుతుంది తను. ఊరు మరిచిపోదు. రాజవ్వ చచ్చేదాకా మరిచిపోదు.

"తీసేయుండ్రి" అంది. "నేను ఒప్పుకుంటున్న."

"మీ మాట నమోదైంది. గదిలోకి పంపుతున్న."

ఫోన్ ఆగిపోయింది. రాజవ్వ లేచి నిలబడింది. ఏడుపు ఆగింది.

"నా కొడుకు మీద కత్తి పెట్టిచ్చినవ్. ఇంక నీ మొఖం నాకు చూపియ్యకు."

బండిలో రాజవ్వ ముందు సీట్లో కూర్చుంది. వెనక స్వరూప, పక్కన భూమయ్య. హైదరాబాదు దాటారు. చీకటి పడక ముందే ఆకాశం మబ్బు పట్టింది. స్వరూప ఆ సంభాషణను మళ్లీ మళ్లీ మొదటినుంచి తిప్పుకుంటోంది. ఎక్కడైనా తియ్యదనం ఉందేమోనని వెతుకుతోంది.

భూమయ్య మెల్లగా వంగి అడిగాడు. "బిడ్డా, అది నాకు చెప్పినట్టు నీకు చెప్పలే గదా?"

"లేదు కాకా. ఉన్నదున్నట్టు చెప్పింది."

"అయితే జల్ది పోనియ్యిమను డ్రైవర్‌ను" అన్నాడు భూమయ్య. "ఏడ ఆపొద్దు. తిండికి గూడ."

*

దవాఖాన గేటు దగ్గర సత్తయ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని చూడగానే రాజవ్వ దిగి గుండెలు బాదుకుంది.

"అవ్వా, ఎందుకేడుస్తున్నవ్? బతికే ఉన్నడు. ఆపరేషన్ మంచిగైంది."

రాజవ్వ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "మరి నన్నెందుకు రమ్మంటివిరా?"

"కొడుక్కు గంత దెబ్బ తాకితే తల్లిని పిలువొద్దా?"

"గంత దెబ్బ అని చెప్పితివా? జర దెబ్బ అంటివి. నువ్వు జర అన్నందుకే సచ్చిండనుకుంటిమి." రాజవ్వ అతన్ని వీపు మీద రెండు దెబ్బలు వేసి, అదే వీపు మీద తల పెట్టి ఏడ్చింది.

మరునాడు గాని ఓదెలుకు పూర్తిగా తెలివి రాలేదు. దుప్పటి మెడదాకా కప్పి ఉంది. మందుల మగతలో అతనికి ఒళ్లంతా ఒకే బరువుగా ఉంది. పెళ్లాన్ని, తల్లిని చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

"కట్టు ఎప్పుడు ఇప్పుతరట? సగం కోత ఇంకా ఆడనే ఉన్నది. సత్తిగాడు అడిగితే చెప్తలేడు."

సత్తయ్య కిటికీ దిక్కు తిరిగాడు. రాజవ్వ ముందుకు వచ్చి "మంచిగైతది బిడ్డా, అన్నీ మంచిగైతయి" అని తల నిమిరింది. కొడుకు తల మీదుగా కోడలికి కళ్లతోనే సైగ చేసింది. ఇప్పుడే వద్దు.

స్వరూప మంచం అంచున కూర్చుంది. అతని ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. యంత్రం అన్న మాటనే ఆమె అతని కళ్లలోకి చూస్తూ అంది.

"కుడిచేయి లేదు. మోచేయి మీదిదాక తీసేసిన్రు."

ఓదెలు దుప్పటి దిక్కు చూశాడు. ఎత్తు తక్కువగా ఉన్నచోట చూపు నిలిచిపోయింది.

"ఎవలు తియ్యమన్నరు?"

"నేనే."

"నన్ను లేపి అడుగొద్దా?"

"నువ్వు లేవలే."

"గా డబ్బ చెప్తే నమ్మినవా?"

"నమ్మిన. లేకుంటే సచ్చిపోతవన్నది."

"అందరు ఏమన్నరు?"

"సచ్చినవనే అన్నరు."

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం కదులుతోంది, చప్పుడు లేదు. రాజవ్వ కోడలిని గుడ్లురిమి చూసింది. "రెండు దినాలు ఆగితే నీదేం పోతుండె?" అని పళ్లమధ్య నుంచి అంది. స్వరూప లేవలేదు. పట్టుకున్న చేయి వదల్లేదు. అతను విడిపించుకోబోయాడు, రెండుసార్లు. ఆ తర్వాత ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దవాఖాన అన్నం వచ్చింది, అతనికి గిన్నెలో, స్వరూపకు కంచంలో. పప్పు కలిపి, ముద్ద చేసి స్వరూప అతని నోటి దగ్గరకు తెచ్చింది. ఓదెలు నోరు తెరవలేదు. ఆ ముద్దను చూశాడు, ఆమె చేతిని చూశాడు. మెల్లగా ఎడమచేతిని దుప్పటి మీదికి తెచ్చి, వార్డులో ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ కలియజూశాడు. ఎదుటి మంచం మీది ముసలాయన చూస్తూనే ఉన్నాడు. చూడనీ అనుకున్నాడేమో, ఆ చేతిని గిన్నెలో పెట్టాడు.

వేళ్లకు ముద్ద కట్టడం రాలేదు. సగం మెతుకులు దుప్పటి మీద పడ్డాయి. ఇంట్లో ఎడమచేయి కంచానికి తగిలితేనే ఒప్పుకోని రాజవ్వ, చెంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగింది.

స్వరూప ముద్దను తన కంచంలో వేసుకుంది. గిన్నెను అతని ఎడమవైపుకు జరిపింది.